చెంచాడు మెంతులు – నాలుగు ప్రశ్నలు

దబీర్‌పురా దర్వాజా సమీపంలోని మా ఇంటికి ఒకనాటి సాయంత్రం పొరుగున ఉండే వృద్ధులొకరు వచ్చారు. నోరు ఎండిపోతున్నదని, రాత్రివేళ నాలుగైదుసార్లు మూత్రానికి లేవవలసి వస్తున్నదని చెప్పారు. ఆయనకు చాలాకాలంగా మధుమేహం ఉన్నది. విచారించగా, నెల రోజులుగా మాత్రలు మాని, ఉదయాన్నే చెంచాడు నానిన మెంతులు మాత్రమే తింటున్నట్లు తెలిసింది.

"మెంతుల గుణాన్ని మన హైదరాబాదులోనే పరిశోధించి తేల్చారట. మా మనుమడు చెప్పాడు" అన్నారు.

మనుమడు హౌస్ సర్జన్. వృద్ధుణ్ణి వెంటనే ఆసుపత్రికి పంపి, మరునాడు ఆ యువకుణ్ణి పిలిపించాను.

"నాయనా, ఆ పరిశోధనను నీవు చదివావా?"

"లేదండీ, ఎవరో చెప్పగా విన్నాను. వార్డు పనితోనే రోజు గడిచిపోతున్నది. పరిశోధన అంటే పి.జి. వారి థీసిస్ వ్యవహారమనుకున్నాను."

పరిశోధన జరిగిన మాట నిజమే. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు దానిని 1990లో ప్రకటించారు. మెంతులు కలిపిన ఆహారంతో మూత్రంలో పోయే చక్కెర 54 శాతం తగ్గింది. మెంతులలోని జిగురు పీచు, పేగుల నుండి చక్కెర రక్తంలో చేరే వేగాన్ని తగ్గిస్తుంది. అయితే ఫలితం ఒక్కటే తెలిస్తే చాలదు. వైద్య విద్యార్థి నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి.

1. ఎవరిపై? ఇన్సులిన్‌పై ఆధారపడే మొదటి రకం మధుమేహ రోగులపై. ఈ వృద్ధునిది రెండవ రకం.

2. ఎంత మోతాదు? నూనె తీసిన మెంతిపొడి రోజుకు 100 గ్రాములు, రెండు పూటల భోజనంలో. చెంచాడు మెంతులు సుమారు 4 గ్రాములే!

3. ఎంతకాలం? 10 రోజులు మాత్రమే.

4. దేనితో పోల్చి? అంతే శక్తినిచ్చే, మెంతులు లేని ఆహారంతో. మాత్రలతో కాదు. కనుక మాత్రలకు బదులు మెంతులు చాలునని దీని నుండి తేల్చరాదు.

ఈ విచారణ మన వైద్యానికి కొత్తది కాదు. ఆప్తోపదేశం, ప్రత్యక్షం, అనుమానం, యుక్తి అనే నాలుగు పరీక్షలను చరక సంహిత ఏనాడో చెప్పింది. విన్నది ఆప్తవాక్యమే అయినా, ఈ రోగికి వర్తించునా అని యుక్తితో ఆలోచించడం వైద్యుని విధి.

నేర్చుకొనే అవకాశాలూ ఉన్నాయి. ఎం.బి.బి.ఎస్. విద్యార్థులు స్వల్పకాలిక పరిశోధన చేయుటకు భారత వైద్య పరిశోధనా మండలి 1979లోనే ఉపకార వేతనాలు ప్రారంభించింది. ఆయుర్వేద విద్యార్థుల కొరకు కేంద్ర ఆయుర్వేద పరిశోధనా మండలి 2022లో 'స్పార్క్' పథకం చేపట్టింది. ఇట్టి పథకాలలో చేరిన విద్యార్థి ఒక చిన్న ప్రశ్ననైనా తానే పరీక్షించి చూస్తాడు. అప్పుడు ఇతరుల పరిశోధనను చదివే చూపు అలవడుతుంది.

వృద్ధులు తిరిగి మాత్రలు వాడుతున్నారు. మెంతులూ తింటున్నారు, కానీ వైద్యునికి చెప్పి, రక్తపరీక్ష చేయించుకుంటూ. పాఠకులు గమనించాలి: మెంతులు మంచి ఆహారం. వాటిని నమ్మి మందులు మానరాదు. మందులతోపాటు ఎక్కువగా తింటే చక్కెర మరీ పడిపోవచ్చు. "పరిశోధనలో తేలింది" అని ఎవరైనా అంటే, ఆ నాలుగు ప్రశ్నలూ మీరు కూడా అడగండి.