తలుపు తీయమంటే తీయాలా?

2022 ఫిబ్రవరి 12న అనకాపల్లి దగ్గర కోడూరులో పోలీసులు రెండు లక్షల కిలోలకు పైగా గంజాయిని కుప్పలు పోసి తగలబెట్టారు. మన్యం నుంచి నర్సీపట్నం మీదుగా హైవే ఎక్కే సరుకుకు ఈ ప్రాంతమే దారి. అందుకే ఇక్కడ తనిఖీలు మామూలే.

చెక్‌పోస్టు దగ్గర తప్పించుకున్నవాడు ఒకడు మీ ఇంట్లో దూరాడనుకోండి. వెంబడించిన పోలీసులు వారెంటు లేకుండా లోపలికి రావచ్చా? రావచ్చు. అరెస్టు చేసే అధికారం ఉండి, వాడు లోపలే ఉన్నాడని నమ్మడానికి కారణం ఉంటే ఇంటివాళ్లు దారి ఇవ్వాలి. ఇది భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 44వ సెక్షన్. తామెవరో, ఎందుకొచ్చారో చెప్పి అడిగినా తీయకపోతే తలుపు పగలగొట్టవచ్చు కూడా.

మనిషి కోసం కాక సరుకు కోసం వస్తే లెక్క వేరు. అక్కడ 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం 42వ సెక్షన్ వర్తిస్తుంది. వారెంటు లేకుండా ఇల్లు సోదా చేసే అధికారం కానిస్టేబుల్‌కు లేదు. ప్రభుత్వం అధికారమిచ్చిన పైస్థాయి అధికారికే ఉంది. అందిన సమాచారాన్ని ఆయన కాగితం మీద పెట్టాలి. పొద్దుగూకాక వస్తే ఇంకో మెలిక ఉంది: వారెంటు కోసం వెళితే సరుకు మాయమవుతుందనో, మనిషి పారిపోతాడనో ఎందుకు నమ్మాడో రాయాలి. ఆ కాగితం నకలు 72 గంటల్లో పైఅధికారికి చేరాలి. కేసులు నిలిచేదీ వీగేదీ చాలాసార్లు ఈ కాగితం దగ్గరే. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించవచ్చు గానీ, అసలు పాటించకపోతే కుదరదని 2009లో కర్నైల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది.

ఒంటిమీద వెతికే ముందు, గెజిటెడ్ అధికారి లేదా మేజిస్ట్రేట్ ఎదుట సోదా కోరే హక్కు ఉందని చెప్పాలి. ఆడవాళ్లను ఆడవాళ్లే వెతకాలి. చేతిలో సంచికి మాత్రం ఆ హక్కు వర్తించదు, ఇది చాలామందికి తెలియదు.

2024 జూలై 1 నుంచి సోదాను వీడియో తీయడం తప్పనిసరి. మధ్యవర్తుల రిపోర్టు కన్నా ఇదే సామాన్యుడికి ఎక్కువ అండ అని నా అభిప్రాయం. స్వాధీనం చేసుకున్న వస్తువుల జాబితా నకలు అడిగి తీసుకోండి.

మాదకద్రవ్యాల చట్టం ప్రకారం, తగిన అనుమానం లేకుండా ఇంట్లో జొరబడిన అధికారికి ఆరు నెలల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. పగిలిన తలుపుకు ఆ వెయ్యి ఏ మూలకు? రాష్ట్ర పోలీసుల మాదకద్రవ్యాల నిరోధక విభాగం ‘ఈగల్’ నంబరు 1972కు ఫోన్ చేసేవాళ్లకూ ఇదే చట్టంలో ఒక మాట ఉంది: పగతో అబద్ధం చెప్పి పక్కింటిమీద సోదా చేయిస్తే రెండేళ్ల దాకా జైలు.