సర్కారు ఫైలు ఎవరి కంప్యూటర్లోనైనా తెరుచుకోవాలంటే...

పంచాయతీ తీర్మానమైనా పార్లమెంటు చట్టమైనా ఇప్పుడు ముందు పుట్టేది కంప్యూటర్ ఫైలుగానే. ఆ ఫైలును ఎలా రాయాలో, ఎలా చదవాలో చెప్పే నియమాలు అందరికీ అందుబాటులో ఉంటే దాన్ని ఓపెన్ స్టాండర్డ్ అంటారు. ప్రజల పత్రాలకు ఇది దక్కి తీరాల్సిన హక్కు.

అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం 2005లోనే తన కార్యాలయాల పత్రాలను ఓపెన్ డాక్యుమెంట్ ఫార్మాట్ (ఓడీఎఫ్) అనే ఓపెన్ స్టాండర్డ్‌లోకి మార్చాలని నిర్ణయించింది. దానిపై పెద్ద దుమారమే రేగింది. ఆ పనికి పూనుకున్న ఐటీ అధిపతి పీటర్ క్విన్ కొద్ది నెలల్లోనే రాజీనామా చేశారు. 2014లో బ్రిటన్ ప్రభుత్వం కూడా దిద్దుకోవాల్సిన పత్రాలకు ఓడీఎఫ్‌నే ఎంచుకుంది.

ఓడీఎఫ్ పత్రం లోపల ఏముంటుందో మీరే చూడొచ్చు. ఫైలు పేరు చివరి ‘.ఓడీటీ’ని ‘.జిప్’గా మార్చి తెరవండి. ‘కంటెంట్.ఎక్స్ఎంఎల్’ అనే ఫైలు కనిపిస్తుంది. మామూలు నోట్‌ప్యాడ్‌లో తెరిచినా మీరు రాసిన తెలుగు అందులో కనబడుతుంది.

మైక్రోసాఫ్ట్ తన ఆఫీస్ పత్రాల ఫార్మాట్ ఓఓఎక్స్ఎంఎల్‌ను అంతర్జాతీయ ప్రమాణంగా గుర్తించమన్నప్పుడు భారత్ వ్యతిరేకంగా ఓటేసింది. సుమారు ఆరు వేల పేజీల ఆ ప్రమాణం 2008లో నెగ్గింది. దక్షిణాఫ్రికా, బ్రెజిల్, వెనిజులాలతో పాటు మన దేశమూ అప్పీలుకు వెళ్లింది కానీ ఫలితం దక్కలేదు. అయినా రెండేళ్లకే, 2010 నవంబరులో, ఈ-గవర్నెన్స్ కోసం కేంద్రం తన సొంత ఓపెన్ స్టాండర్డ్స్ విధానాన్ని తెచ్చింది. ప్రమాణం వాడుకలో ఉన్నంతకాలం దాని పేటెంట్లకు రాయల్టీ అడగకూడదన్నది అందులోని ముఖ్యమైన షరతు.

ఇక తెలుగు సంగతి. డీటీపీ రోజుల పాత ఫాంట్లు ఇంగ్లిషు అక్షరాల కోడ్‌ల మీద తెలుగు బొమ్మలను అతికించేవి. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో ఫైలు తెరిస్తే ఇంగ్లిషు అక్షరాలూ విరామ చిహ్నాలూ కలగాపులగంగా కనిపిస్తాయి. జీవోలో మీ ఊరి పేరు ఉన్నా వెతికితే దొరకదు. ప్రతి భాష అక్షరాలకూ విడిగా కోడ్‌లు ఇచ్చే యూనికోడ్‌లో ఆ చిక్కు లేదు. ‘స్త్రీ’ కంటికి ఒక్క అక్షరమే, దాని వెనక ఆరు కోడ్‌లు వరసగా ఉంటాయి: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘపు గుడి. ఏ ఫాంటు పెట్టినా ఈ వరస మారదు.

2009లో కేంద్రం భారతీయ భాషలకు యూనికోడ్ 5.1ను ప్రమాణంగా ప్రకటించింది. మన ౘ, ౙ, పాత లెక్కల్లోని భిన్నాల గుర్తులు యూనికోడ్‌లో చేరింది సరిగ్గా ఆ వెర్షన్‌తోనే! నాలుగో వంతుల లెక్కన సాగే ఆ పాత పద్దులను ఇప్పుడు ఉన్నవి ఉన్నట్టే టైపు చేయవచ్చు.

అమెరికాలోని తెలుగువారి సంస్థ సిలికానాంధ్ర చేయించిన సూరన్న, పెద్దన, ధూర్జటి, తిమ్మన, రామభద్ర అనే యూనికోడ్ ఫాంట్లు స్వేచ్ఛా లైసెన్సుతో ఉచితంగా దొరుకుతున్నాయి. ఏ మండల కార్యాలయమైనా పైసా కట్టకుండా, ఎవరినీ అడగకుండా వాటిని వాడుకోవచ్చు.