‘డ్రాపౌట్’లో కర్త ఎవరు?

గద్వాల బస్టాండులో కాసేపు నిలబడితే చాలు, ‘నన్ను కొంచెం డ్రాప్ చేయండి’ అనే మాట వినిపిస్తుంది. దింపమని దాని భావం. ఆంగ్లంలో ఈ క్రియ వెంట వచ్చే చిన్న మాటను బట్టి అర్థమే మారిపోతుంది. ‘డ్రాప్ ఇన్’ అంటే దారిలో ఆగి పలకరించి వెళ్ళడం. ‘డ్రాప్ ఆఫ్’ అంటే దింపడం; కునుకు పట్టడాన్నీ అలాగే అంటారు. ‘డ్రాప్ అవుట్’ అంటే చేపట్టిన దాని నుండి మధ్యలో తప్పుకోవడం. అదే ‘డ్రాపౌట్’ అనే నామవాచకమై మన బడుల రికార్డులలో స్థిరపడింది.

ఈ మాటలో కర్త పిల్లవాడే. తనంతట తానే తప్పుకున్నాడన్నమాట. మన భాషలు ఇంత తేలికగా వదిలిపెట్టవు. తెలుగులో ‘బడి మానేసింది’ వేరు, ‘బడి మాన్పించారు’ వేరు. మన ఇళ్ళలోని దక్కనీ ఉర్దూలోనూ ‘ఛోడ్ దియా’ వేరు, ‘ఛుడా దియే’ వేరు. అరబీలో ‘ఖరజ’ అంటే బయటికి వెళ్ళాడు. ముందు ఒక్క అక్షరం చేరి ‘అఖ్రజ’ అయితే బయటికి పంపాడు. సర్ఫ్ మొదటి పాఠాలలోనే విద్యార్థులకు మేము ఇది చెబుతాము.

గద్వాల ప్రాంతం హైబ్రిడ్ పత్తి విత్తనాలకు పేరుపొందింది. సాయంత్రం మొగ్గలోని పుప్పొడి భాగాన్ని చేతితో తీసివేసి, మరునాటి ఉదయం మగపువ్వు పుప్పొడిని దానికి రుద్దాలి. ప్రతి పువ్వుకూ ఇదే పని. వారాల తరబడి సాగే ఈ ‘క్రాసింగ్’కు ఆడపిల్లలను పంపడం ఏళ్ళుగా ఉన్నదే. పువ్వు వేళా, బడి గంటా ఒక్కటే. వనపర్తి, నాగర్‌కర్నూలు పల్లెలలో వలస ఉంది. మేస్త్రీ వెంట తల్లిదండ్రులు కదిలితే పిల్లలూ కదులుతారు. ఆరు నుండి పద్నాలుగేళ్ళ వారికి విద్యను హక్కు చేసిన చట్టం 2010 నుండి అమలులో ఉంది. 2011 జనగణన ప్రకారం నేటి జోగులాంబ గద్వాల జిల్లా పరిధిలో అక్షరాస్యత 50 శాతానికి చేరలేదు.

ఇతరులను అనడమెందుకు? మా మక్తబ్ రిజిస్టరులో పన్నెండేళ్ళ అమ్మాయి పేరు ఎదుట ‘ఛోడ్ దియా’ అని రాసింది మేమే. ఆమె తమ్ముడు మాత్రం రోజూ పాఠం తప్పు లేకుండా అప్పజెప్పేవాడు. ఎవరు చెబుతున్నారని అడిగితే, ‘ఆపా’ అన్నాడు. ఆ రోజే పాత మాట కొట్టివేసి ‘ఛుడా దియే’ అని రాశాము. ఫీజు కట్టడానికి వచ్చిన తండ్రి అది చూసి, ‘హజ్రత్, ఇది తీసేయండి’ అన్నాడు. అమ్మాయిని పంపితే తీసేస్తామన్నాము. పత్తి పని అయ్యాక చూద్దామని వెళ్ళాడు.