మూడు ఊళ్లు – ఒక అభాజ్యసంఖ్య

కామారెడ్డికి వ్రాయు ఉత్తరముపై 503111 అనియు, ఎల్లారెడ్డికి వ్రాయు దానిపై 503122 అనియు, ఆ జిల్లాలోనిదే యగు దోమకొండకు వ్రాయు దానిపై 503123 అనియు పిన్‌కోడు వేయుదుము. ఈ పద్ధతి మన దేశమున 1972 ఆగస్టు 15వ తేదీన ప్రారంభమైనది. ఉత్తరము చేరవలసిన చోటును తెలుపుటయే ఈ అంకెల పని. కాని గణితజ్ఞుని దృష్టిలో ప్రతి సంఖ్యకును ఒక స్వభావము కలదు. ఈ మూడింటిలో ఒకటి మాత్రమే అభాజ్యసంఖ్య. అది ఏదియో చూచినంత మాత్రమున చెప్పగలమా?

ఒకటి కన్న పెద్దదై, ఒకటిచేతను, తనచేతను తప్ప మరి ఏ పూర్ణసంఖ్యచేతను నిశ్శేషముగా భాగింపబడని దానిని అభాజ్యసంఖ్య యందురు. 2, 3, 5, 7, 11 అట్టివి. ఎల్లారెడ్డి సంఖ్య సరిసంఖ్య. రెండుచేత భాగింపబడును గనుక దాని సంగతి వెంటనే తేలిపోయినది. కామారెడ్డి సంఖ్య అంత సులభముగా లొంగదు. అది బేసిసంఖ్య; చివర ఐదు లేదు; అంకెల మొత్తము 11 గనుక మూడుచేతను భాగింపబడదు. అభాజ్యమే యని తోచును.

ఇచ్చట ఒక చిన్న ఉపాయము కలదు. 7, 11, 13 లను హెచ్చవేసిన 1001 వచ్చును. అందుచే ఆరంకెల సంఖ్యను మూడేసి అంకెల చొప్పున రెండు భాగములు చేసి, ఒకదానినుండి రెండవదానిని తీసివేయవలెను. మిగిలినది ఈ మూడింటిలో దేనిచేత భాగింపబడునో, మొత్తము సంఖ్యయు దానిచేత భాగింపబడును. 503 నుండి 111 తీసివేయగా 392. అది ఏడు ఏబదియాఱులు. కావున కామారెడ్డి సంఖ్య ఏడుచేత భాగింపబడును. పూర్తిగా విడదీసిన, అది 7, 41, 1753 ల లబ్ధము.

దోమకొండ సంఖ్యకు ఇట్లే చేసిన 380 మిగులును. అది 7, 11, 13 లలో దేనికిని లొంగదు. అంతటితో పరీక్ష ముగియదు. మరి ఎంతవరకు చూడవలెను? ఒక సంఖ్య రెండు సంఖ్యల లబ్ధమైనచో, వానిలో ఒకటి దాని వర్గమూలమును మించి యుండదు. 503123 యొక్క వర్గమూలము 709 కన్న కొంచెము ఎక్కువ. కావున 709 వరకు గల 127 అభాజ్యసంఖ్యలతో భాగించి చూచిన చాలును. ప్రతి పర్యాయమును శేషము మిగులును. అభాజ్యసంఖ్య దోమకొండదే.

ఈ శ్రమవలన ప్రయోజన మేమి? రెండు పెద్ద అభాజ్యసంఖ్యలను హెచ్చవేయుట సులభము. లబ్ధమునుండి వానిని తిరిగి రాబట్టుట మిక్కిలి కష్టము. 1977లో రివెస్ట్, షమీర్, ఆడల్మన్ అనువారు ఈ భేదమును ఆధారముగా గొని యొక రహస్యలిపిని నిర్మించిరి. అందు వాడు అభాజ్యసంఖ్యలకు వందలకొలది అంకెలుండును. వానిని మన భాగహారముతో పరీక్షింప మానవుని యాయువు చాలదు. అంకెలు పెరిగినను శ్రమ హద్దు మీరని నిశ్చితమైన పరీక్షను 2002లో కాన్పూరు ఐ.ఐ.టి.కి చెందిన మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనాలు లోకమునకు చూపిరి.

శ్రోతలు తమ ఊరి పిన్‌కోడును ఒక కాగితముపై వ్రాసికొని, మొదట మూడేసి అంకెలుగా విడదీసి చూతురుగాక.