గాలం పిడి చేతికి కుదరాలి

కొర్రమీను కోసం చెరువు గట్టున నిలబడ్డవాడికి బెండు వేసి కూర్చునే వెసులుబాటు ఉండదు. రబ్బరు కప్పను గుర్రపుడెక్క మీదికి విసరాలి, దారం చుట్టుకుంటూ దాన్ని ఆకుల మీద గెంతించాలి, దగ్గరికి రాగానే మళ్లీ విసరాలి. నిమిషానికి ఒక్క విసురే అనుకున్నా పొద్దున ఆరు నుంచి పన్నెండు దాకా 360 సార్లు. ఎండ నడినెత్తికి రాకముందే మణికట్టు పీకుతుంది, మోచేతి బయటివైపు సలుపు మొదలవుతుంది. రాడ్ బరువుగా ఉందనో, వయసు మీద పడుతోందనో సరిపెట్టుకుంటాం. నా అనుభవంలో ఎక్కువసార్లు తప్పు పిడిదే. రాడ్ ఎన్ని అడుగులు, రీల్లో బేరింగులెన్ని అని అడిగి కొంటాం గానీ, రోజంతా చేతిలో ఉండే ముక్కను ఎవరూ సరిగా పట్టి చూడరు.

ముందు ఒక సంగతి తెలియాలి. చెయ్యి అలిసేది విసిరినప్పుడు కాదు. విసురు ఒక్క క్షణం. మిగతా నిమిషమంతా రాడ్‌ను పట్టుకునే ఉంటాం కదా, అలుపంతా అక్కడిది. పిడిని బిగించి పట్టినప్పుడు వేళ్లను ముడిచే కండరాలతో పాటు, మణికట్టు వంగిపోకుండా ఆపే ముంజేతి వెనక కండరాలూ పనిచేస్తాయి. వాటి మొదళ్లు మోచేతి బయటి ఎముకకు అతుక్కుని ఉంటాయి. టెన్నిస్ ఎల్బో అనే నొప్పి పుట్టేది అక్కడే. కాబట్టి నేను పిడిలో మొదట చూసేది ఒకటే: వదులుగా పట్టుకున్నా చేతిలో నిలుస్తుందా, లేదా?

అది తెలియడానికి షాపులోనే రాడ్‌కు రీల్ బిగించమనండి. మీరు పట్టుకునే చోట చూపుడువేలు అడ్డంగా పెట్టి రాడ్‌ను దాని మీద తూచండి. కొస దబ్బున కిందికి వాలితే ముందు బరువు ఎక్కువన్నమాట. రాడ్, రీల్ కలిసి 400 గ్రాములు ఉండి, తూకం నిలిచే చోటు మీ పట్టుకు 10 సెంటీమీటర్లు ముందుందనుకోండి. మీటరు దూరంలో 40 గ్రాములు వేలాడదీసి పట్టుకున్నంత మెలి మణికట్టు మీద పడుతుంది. ఒక నిమిషానికి అదేం లెక్క కాదు. ఆరు గంటలకు మాత్రం లెక్కే.

ఇప్పుడు ఎక్కువగా కనిపించే స్ప్లిట్ గ్రిప్ సంగతి కూడా ఇక్కడే ఆలోచించాలి. వెనక పిడి నిండుగా ఉండదు. రీల్ దగ్గర కొంత, చివర గుబ్బలా కొంత ఉండి, మధ్యలో రాడ్ కాడ బయటికే కనిపిస్తుంది. మధ్య భాగాన్ని చెయ్యి ముట్టదు కనుక దాన్ని తీసేయడంలో తప్పులేదు. కానీ తగ్గిన బరువు వెనకవైపుది. మొత్తం తేలికైన రాడ్ ముందుకు మరింత తూగవచ్చు. తేలిక అన్న మాట విని కొనకుండా, వేలి మీద తూచి కొనాలి.

నేను అన్నిటికంటే ఎక్కువ పట్టించుకునేది వెనక పిడి పొడవు. పొడవు ఉంటే రెండో చెయ్యి చివర పట్టి లోపలికి లాగుతుంది, పై చెయ్యి ముందుకు తోస్తుంది. పనిని రెండు చేతులూ పంచుకుంటాయి, కప్ప దూరం వెళుతుంది. అయితే కప్పను గెంతించేటప్పుడు రాడ్ కొసను నీళ్లవైపు దించి చిన్నచిన్నగా జాడించాలి. అప్పుడు పొడవాటి పిడి ప్రతి జాడింపుకూ ముంజేతి లోపలివైపు కొడుతుంది, లేదా చొక్కాలో చిక్కుకుంటుంది. దాన్ని తప్పించుకోవడానికి మోచెయ్యి పక్కకు ఎత్తి పట్టుకుంటాం. భుజం నొప్పికి అదే మొదలు. నా మొదటి రాడ్‌తో ఏడాదిపాటు ఇలాగే మోచెయ్యి ఎత్తి తిరిగాను. కారణం పిడి అని తట్టనేలేదు. రీల్ దగ్గర పట్టుకుంటే పిడి చివర మోచేతి దాకా వచ్చి ఆగాలి. కప్పతో ఎక్కువ పని ఉన్నవారికి రెండంగుళాలు తక్కువైనా మేలే. విశాఖ తీరంలో అలల అవతలికి విసిరే 12 అడుగుల రాడ్ లెక్క వేరు. అక్కడ రెండు చేతుల మధ్య భుజాల వెడల్పంత దూరం కావాలి.

తుపాకి పిడిలా వంగిన పొట్టి పిస్టల్ గ్రిప్ కొన్ని పాత రాడ్లకు ఉంటుంది. చిన్న ఎరలకు ముచ్చటగానే ఉంటుంది గానీ, భారమంతా ఒక్క మణికట్టుదే. రోజంతా విసిరేవారికి నేను చెప్పను.

రీల్ రకాన్ని బట్టి కూడా పట్టు మారుతుంది. స్పిన్నింగ్ రీల్ కిందికి వేలాడుతుంది. దాని కాడను మధ్యవేలికీ ఉంగరపు వేలికీ నడుమ ఉంచుకుంటే అది తనంతట తానే నిలుస్తుంది. బెయిట్‌కాస్టింగ్ రీల్ పైన కూర్చుంటుంది కాబట్టి పక్కకు దొర్లాలని చూస్తుంది. పిడి కింద కొక్కెంలా ఉండే ట్రిగ్గర్ అందుకే ఉంది. అది మీ వేళ్ల సందున ఒరుసుకోకుండా ఇమడాలి.

లావు విషయానికొస్తే, పిడి మరీ లావైతే వేళ్లు చుట్టుకోవు, మరీ సన్నమైతే గోళ్లు అరచేతిలో గుచ్చుకుంటాయి. రెండు చోట్లా తెలియకుండానే బిగిస్తాం. బొటనవేలికి ఆనుడు దొరకడమూ ముఖ్యమే. ఫ్లై రాడ్లకు ముందువైపు ఉబ్బెత్తుగా ఉండే వెల్స్ పిడి ఉంది. 1885లో ఫ్లై రాడ్ల మీద పుస్తకం రాసిన అమెరికన్ హెన్రీ వెల్స్ పేరే దానికి నిలిచింది. విసిరేటప్పుడు బొటనవేలు ఆ ఉబ్బుకు ఆని తోస్తుంది.

ఇక కార్కా, ఫోమా? కార్క్ ఓక్ చెట్టు బెరడు. పోర్చుగల్‌లో ఎక్కువగా పండుతుంది. చెట్టును నరకరు, బెరడు మాత్రమే ఒలుస్తారు. మళ్లీ ఒలవడానికి తొమ్మిదేళ్లు ఆగాలి. ఆ బెరడు బిళ్లలను వరసగా అంటించి, తరిణ పట్టి పిడి చేస్తారు. తేలిక, వేడెక్కదు, తడిసినా పట్టు వదలదు. పెచ్చులూడటం దాని లోపం. ఈవీఏ ఫోమ్ మెత్తగా ఉంటుంది, కడగడం సులువు, దెబ్బలకు ఓరుస్తుంది. కొర్రమీను జిగురు అంటినప్పుడు మాత్రం జారుతుంది. మన ఉక్కపోతలో చెమట చేతులకు నేను కార్క్ వైపే. ఫోమ్ రాడ్ ఉన్నవారు షటిల్ రాకెట్‌కు చుట్టే టేపు ఒక వరస చుడితే జారుడు పోతుంది, సన్నపిడి లావూ అవుతుంది.

పిడి పొడవైందని తెలిసిన రాడ్‌ను పారేయనక్కర్లేదు. వెనక ఒకటి రెండు అంగుళాలు కోయించుకోవచ్చు. కోసినంత మేర వెనక బరువు తగ్గి కొస తూగుతుంది గనుక, మళ్లీ వేలి మీద తూచి, చివరి మూతలో చిన్న సీసపు గుండు పెట్టి సరిచూసుకోవాలి.