కాలిన రీళ్లు – మిగిలిన జ్ఞాపకాలు

పాత సినిమా చూస్తున్నప్పుడు తెర మీద గీతలు, చుక్కలు కనబడటం మీరు గమనించే ఉంటారు. అవి ఎందుకు వస్తాయి? నేటి దర్శకులు ఆ పాత రూపాన్ని కోరి ఎందుకు చూపుతున్నారు? కోల్‌కతా సినిమాల ద్వారా తెలుసుకుందాం.

1. ఫిలిం స్వభావం

ఫిలిం ఒక పొడవాటి పట్టీ. దానిపై వెండి లవణాల పూత ఉంటుంది. వెలుగు తగిలిన చోట ఆ పూత మార్పు చెందుతుంది. రసాయనాలతో కడిగితే బొమ్మ తేలుతుంది. ప్రొజెక్టర్ సెకనుకు 24 బొమ్మలు చూపుతుంది. ప్రతి ఆటకూ ఫిలిం యంత్రంలో ఒరుసుకొని గీతలు పడతాయి. అంటే అవి దాని వయస్సుకు గుర్తులు.

2. అగ్నిప్రమాదం

నాటి కలకత్తాతో మనకు పాత అనుబంధమే ఉంది. 1934లో వచ్చిన తెలుగు 'లవకుశ'ను అక్కడి ఈస్ట్ ఇండియా ఫిల్మ్ కంపెనీ నిర్మించింది. ఆ నగరవాసి సత్యజిత్ రాయ్ అపు అనే బాలుని జీవితాన్ని మూడు చిత్రాలుగా తీశారు. అవి 'పథేర్ పాంచాలి' (1955), 'అపరాజితో' (1956), 'అపుర్ సంసార్' (1959).

1993లో లండన్‌లోని ఒక లేబరేటరీలో మంటలు చెలరేగి వీటి నెగెటివ్‌లు కాలిపోయాయి. మిగిలిన ముక్కలను పారవేయకుండా అమెరికాలోని ఆస్కార్ అకాడమీ భద్రపరచింది. సుమారు ఇరవై ఏళ్ల తరువాత ఇటలీలోని బొలోన్యాలో నిపుణులు పెళుసుబారిన ఫిలింను మెత్తబరచి, అంచుల రంధ్రాలను చేతితో సరిచేశారు. 'పథేర్ పాంచాలి'లో సుమారు 40 శాతం, 'అపరాజితో'లో 60 శాతానికి పైగా ఆ నెగెటివ్‌ల నుంచే దక్కింది. మిగతా భాగాలకూ, 'అపుర్ సంసార్'కూ వేరేచోట్ల ఉన్న ప్రతులు ఆధారమయ్యాయి. 2015లో మూడింటినీ మళ్లీ ప్రదర్శించారు.

3. నేటి చిత్రాల్లో పాత రూపం

కౌశిక్ గంగూలీ 'సినిమావాలా' (2016)లో తండ్రి మూతబడిన సినిమాహాలును మరచిపోలేడు. కొడుకు దొంగ డి.వి.డి.లు అమ్ముతాడు. అనీక్ దత్తా 'అపరాజితో' (2022) రాయ్ తొలి చిత్రం తీయడానికి పడిన కష్టాలను, పేర్లు మార్చి, నలుపు తెలుపుల్లో చెబుతుంది. ఇటువంటి చిత్రాలు మన జ్ఞాపకాలను కదిలిస్తాయి.

అయితే ఒక తేడా గమనించండి. పాత గీతలను నేడు కంప్యూటరుతో సృష్టించవచ్చు. పోయిన బొమ్మను మాత్రం అలా తిరిగి తేలేము. అపు చిత్రాలను కాపాడింది గతంపై మమకారం ఒక్కటే కాదు. కాలిన ముక్కలను కూడా దాచి ఉంచిన జాగ్రత్త.

మీరు చేయండి

మీ ఇంట్లోని పాత ఫోటోలు, నెగెటివ్‌లు ఒకసారి తీసి చూడండి. వాటిని తడి, వేడి తగలని చోట ఉంచండి. ఫోటోలో ఉన్నవారి పేర్లు పెద్దలను అడిగి రాసి పెట్టండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ఫిలిం మీద గీతలు ఎలా పడతాయి?
2. పాత రూపాన్ని అనుకరించడానికీ, పాత చిత్రాన్ని కాపాడటానికీ తేడా ఏమిటి?