గుండె చూపిన ప్రకాశం, కుర్చీలో కూర్చున్న ప్రకాశం

ప్రతి ఏటా ఆగస్టు 23కి మా బడిలో ప్రకాశం పంతులుగారి మీద వ్యాసరచన పోటీ పెడతాం. దిద్దే పని నాది. కాగితాలన్నీ దాదాపు ఒకే దృశ్యంతో మొదలవుతాయి: 1928, మద్రాసు, సైమన్ కమిషన్, ఎదురుగా తుపాకీ, చొక్కా విప్పి చూపిన రొమ్ము. పిల్లల్ని అనవలసిందేమీ లేదు. మన గేయాలూ ఏకపాత్రలూ కూడా అక్కడే ఆగిపోయాయి.

ఆ దృశ్యం ఒక్క పూటది. ప్రకాశం మాత్రం ఉమ్మడి మద్రాసు రాష్ట్ర ప్రధానిగా పదకొండు నెలలూ, ఆంధ్ర రాష్ట్ర ముఖ్యమంత్రిగా పదమూడు నెలలూ పరిపాలించాడు. అంతకుముందు ముప్పై దాటిన వయసులోనే రాజమండ్రి పురపాలక సంఘానికి అధ్యక్షుడయ్యాడు. ఈ పరిపాలకుడు మన సాహిత్యంలో ఎందుకు లేడన్నదే నా ప్రశ్న.

1872లో ఒంగోలు దగ్గర వినోదరాయునిపాలెంలో పుట్టాడు. తండ్రి పోయాక తల్లి సుబ్బమ్మ ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి పిల్లల్ని సాకింది. (గురజాడ 1897లో అచ్చువేసిన ‘కన్యాశుల్కం’లోని పూటకూళ్ళమ్మను చూసి మనం నవ్వుకున్నాం. అలాంటి ఒక ఇంటి పొయ్యి దగ్గర ఇంకో చరిత్ర ఉడుకుతూ ఉందని తట్టలేదు.) గురువు ఇమ్మనేని హనుమంతరావు నాయుడు చేరదీసి రాజమండ్రికి తీసుకుపోయాడు. ‘నా జీవిత యాత్ర’లో ప్రకాశం తన చిన్ననాటి అల్లరినీ, నాటకాల వేషాలనూ దాచుకోలేదు. తనకు తాను విగ్రహం కట్టుకోవాలన్న తాపత్రయం ఆ పుస్తకంలో కనిపించదు. కట్టింది మనమే.

పురపాలక సంఘం మన కథకులకు వస్తువుగా ఆనదు. చీరాల-పేరాల జనం 1921లో మునిసిపాలిటీ వద్దని ఊరు విడిచి రామనగరు వేసుకుంటే, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య కథానాయకుడయ్యాడు. న్యాయమే. అయితే మునిసిపాలిటీ లోపల కూర్చుని పన్ను కట్టించుకున్నవాడి కథ కూడా కథే కదా! అక్కడ శత్రువు తుపాకీ పట్టుకుని ఎదురుగా నిలబడడు. అందుకే మన కలాలు అటు పోవు.

1946 ఏప్రిల్ చివర మద్రాసులో ప్రధాని అయ్యాడు. మిల్లు బట్టకు బదులు రాష్ట్రమంతా ఖద్దరు రావాలన్నాడు. పత్తి పండే నల్లరేగడి నేల బిడ్డకు ఆ కల సహజం. కాని చీరాల, మంగళగిరి చేనేత మగ్గాలు చాలావరకు మిల్లు నూలు మీదే ఆడుతున్నాయి. రాట్నం నూలుతో అన్ని మగ్గాలు నిండుతాయా? ఆదర్శానికీ ఉత్పత్తి సంబంధాలకీ ఉన్న ఈ వైరుధ్యం ఒక మంచి నవలకు చాలు. మిల్లు యజమానులు సరే, సొంత పార్టీలోని వారే ఆయన్ని సాగనివ్వలేదు. 1947 మార్చిలో దిగిపోయాడు. దిగేముందు, ఆ ఏడాది తొలి మాసాల్లోనే, కమ్యూనిస్టుల మీద అరెస్టుల దాడి నడిపించాడు. పోలీసు తుపాకీకి రొమ్ము చూపినవాడే పోలీసుల్ని పంపాడన్నమాట. మన శిబిరంలో కొందరు ఆ రెండో ప్రకాశాన్నే గుర్తుంచుకుని మొదటివాణ్ణి కొట్టిపారేశారు. అదీ ఒంటికంటి చూపే.

చరిత్ర ఇంకా చిత్రమైనది. 1952 ఎన్నికల్లో మద్రాసు శాసనసభలో కాంగ్రెసుకు మెజారిటీ రాలేదు. కమ్యూనిస్టులు కూడా ఉన్న ప్రతిపక్ష కూటమి తన నాయకుడిగా ఎన్నుకున్నది ప్రకాశాన్నే. గవర్నరు మాత్రం రాజాజీని పిలిచాడు. ఏడాదిన్నర తిరగకముందే, 1953 అక్టోబరు 1న, అదే ప్రకాశం కాంగ్రెసు అండతో కర్నూలులో ఆంధ్ర రాష్ట్ర ముఖ్యమంత్రి అయ్యాడు. దీన్ని అవకాశవాదం అనేసి ఊరుకోవడం తేలిక. లక్షలు ఆర్జించి ‘స్వరాజ్య’ పత్రికకు ధారపోసి, చివరికి చేతిలో ఏమీ మిగుల్చుకోని మనిషి విషయంలో ఆ మాట సరిగ్గా అతకదు. అధికారం ఆయనకు ఆస్తి కాదు, పట్టుదల. ఆ పట్టుదలే ఆయన్ని ముంచింది.

తిరుపతి విశ్వవిద్యాలయం, బెజవాడలో కృష్ణమీద బ్యారేజీ నిర్మాణానికి శ్రీకారం, రెండూ 1954లో ఆయన హయాంలోవే. బ్యారేజీకి ఆయన పేరు నిలిచింది. కాని ప్రభుత్వం కూలింది నీళ్ళ మీద కాదు, కల్లు మీద. మద్యనిషేధంతో బతుకు పోయిన గీత కార్మికులు గౌతు లచ్చన్న నాయకత్వంలో ఉద్యమించారు. నిషేధం ఎత్తెయ్యమని రామమూర్తి కమిటీ చెప్పింది. ప్రభుత్వం వినలేదు. 1954 నవంబరులో అవిశ్వాస తీర్మానం ఒక్క ఓటుతో నెగ్గింది. గాంధీగారి సిద్ధాంతం ఒకవైపు, తాడిచెట్టు మొదట్లో మోకు పట్టుకున్న మనిషి ఒకవైపు. ఇద్దరికీ న్యాయం చేస్తూ రాసిన కథ నాకింతవరకూ కనబడలేదు.

1970లో ఏర్పడిన ఒంగోలు జిల్లాకు 1972లో ఆయన పేరు పెట్టారు. కిందటేడు పోటీకి ముందు, తాతలు కల్లు గీసిన ఇంటి కుర్రాడొకడు నా దగ్గరికి వచ్చి, ‘ఆయన దిగిపోయింది మా వాళ్ళ గొడవ వల్లేనా మాస్టారూ?’ అని అడిగాడు. అవునని, ఆ ఒక్క ఓటు సంగతి చెప్పాను. కాసేపు ఆలోచించి, ‘అది రాస్తే మార్కులు తగ్గిస్తారాండీ?’ అన్నాడు. రాయమన్నాను.